కటింగ్ జరుగుతోంది

మూడయింది. చెప్పుల కొట్టాయన నాలుగింటికి వస్తానన్నాడు, అన్నాడంటే వచ్చి తీరతాడు, ముప్పయ్యేళ్ళుగా పక్క కొట్టులో ఉంటూ ఒక్కరోజైనా షట్టర్ ఆలస్యంగా ఎత్తని మనిషి. అంటే ఇంకా గంట. గంటంటే కోటుకి మూడు కాజాలు, తొందరపడితే నాలుగు, కానీ తొందరపడి కుట్టినదాన్ని ఆమె కాజా అనదు. ఈ వీధిలో అందరూ ఆమెను కాజాలమ్మ అనే పిలుస్తారు. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారం అల్లడంలో ఆమెను మించినవాళ్ళు లేరని మాస్టరే ఒప్పుకున్నాడు, అదీ పెళ్ళయిన పన్నెండేళ్ళకి, అదీ వేరేవాళ్ళ దగ్గర. మాస్టరంటే ఆమె భర్త, ఈ టైలరింగ్ కొట్టు యజమాని, నలభయ్యేళ్ళుగా కత్తెర పట్టినవాడు, ప్రస్తుతం వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్నవాడు. నలభై మూడు రోజులైంది. జబ్బేమీ లేదు, లేవడు, అంతే. చెప్పుల కొట్టాయనకి మధ్యగోడ తీసేసి తన కొట్టు పెద్దది చేసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. "మాస్టారికి ఎలాగూ ఓపిక లేదు కదమ్మా, ఊరికే మూసిపెట్టుకుని ఏం లాభం?" అన్నాడు పోయిన వారం, మంచిగానే అన్నాడు, అందుకే మరీ ఒళ్ళు మండింది. ఒక్క వారం ఆగండి అంది. ఆ వారం ఇవాళ నాలుగింటికి అయిపోతుంది. మాస్టరు లేస్తే కొట్టు ఇవ్వనంటుంది, లేవకపోతే తాళాలు తెచ్చి చేతిలో పెడుతుంది. ఆ సంగతి మాస్టరుకీ చెప్పింది, మొహానికి కాదు, వీపుకి. వీపు బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంది.

తాళాలు కుట్టుమిషన్ మీద ఉన్నాయి, వాటి కింద డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఉంది. డాక్టరమ్మ వయసులో చిన్నది, ఆవిడకే జలుబు, ముక్కు తుడుచుకుంటూ మాస్టరు నాడి చూసి, కళ్ళు చూసి, "ఒంట్లో ఏం లేదండీ, మనసే బాగాలేదు. చలికాలం చివరికొచ్చేసరికి చాలామందికి ఇలాగే ఉంటుంది, ఈయనకి పైనుంచి ఈ దెబ్బ ఒకటి. చిన్న చిన్న పనులతో మొదలుపెట్టించండి" అని అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చింది. చదివితే చంటిపిల్లలకి చెప్పినట్టుంది, దీనికోసమా ఇంతలేసి చదువులు చదివింది అనిపించింది. అయినా దాన్ని మంచానికి ఎదురుగా గోడకి గుండుసూదులతో గుచ్చింది. మాస్టరు రెండో వైపు తిరిగాడు. ఆమె పీకి ఆ వైపు గోడకి గుచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నవాడికి ఎక్కడని గుచ్చాలి? జానెడు బట్టముక్క కూడా పారేయని ఇంట్లో కాగితం మాత్రం ఏం పాపం చేసిందని, చివరికి అందులో ఉన్నవన్నీ ఆమే చేయడం మొదలుపెట్టింది. రోగి మింగని మందు పక్కనున్నవాళ్ళు మింగితే ఏం గుణం కనిపిస్తుందో ఆమెకీ తెలియదు, కానీ సీసా మాత్రం ఖాళీ అవుతుంది కదా.

పావుగంట నడవమని ఉంది, నడిచింది. మొదటిరోజు కోపంతోనే నడిచింది, రొట్టెల కొట్టు, తపాలా పెట్టె, బడి గోడ, వెనక్కి. గోడ మీద నాచు పచ్చగా మెరుస్తోంది, ఇంత చలిలో దీనికేం పొయ్యేకాలం అనుకుంది. రెండోరోజు బడి గోడ దగ్గర ఉన్న చెట్టుకి ఒక్క ఆకు లేదు గానీ కొమ్మల చివర్లు గట్టిగా, గోధుమరంగులో, సరిగ్గా చొక్కా మెడ గుండీల్లా ఉబ్బి ఉన్నాయి. ఆమె చేత్తో తడిమి చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని ఇటూ అటూ చూసింది. నాలుగోరోజుకి, టైమయ్యేసరికి కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి వెళ్ళాయి. దీన్ని గుణం అంటారా, అలవాటంటారా? ఎవరితోనైనా మాట్లాడమని ఉంది. ఎవరితో? చెల్లెలితో మాట్లాడి ఏడాది దాటింది, కర్టెన్ల కొలత తప్పు చెప్పిందెవరనే దాని మీద పడ్డ తగువది, కుట్టినవాళ్ళూ కుట్టించుకున్నవాళ్ళూ ఇద్దరూ తగ్గలేదు. ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తగానే "ఎవరు పోయారే అక్కా?" అంది. ఎవరూ పోలేదే, ఊరికే చేశాను అంటే, "ఊరికే చేశావా? అయితే నీకే ఏదో అయింది" అంది. ఇద్దరూ నవ్వారు, నవ్వి నవ్వి ఆమెకి దగ్గు వచ్చింది, ఆ దగ్గుకి వెనక గదిలో మంచం కిర్రుమంది. అంటే వింటున్నాడన్నమాట. అన్నీ వింటాడు. చెవులు మాత్రం పడుకోలేదు.

ఇప్పుడా మంచం కిర్రుమనడం లేదు. ఆమె స్టూలు ఎండలోకి జరుపుకుని కూర్చుంది, ఎండలో కూర్చోమని కూడా ఉంది కనుక. చలికాలం మొదలవగానే ఎదురు భవనం వెనక్కి వెళ్ళిపోయే సూర్యుడు మళ్ళీ ఈ కొట్లోకి తొంగిచూసేది చలికాలం ఆఖర్నే. ఆ రోజు మాస్టరుకి పండగే. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దబిళ్ళ తీసి నేల మీద ఎండ అంచు ఎంతవరకూ వచ్చిందో గీత గీస్తాడు, పక్కన తేదీ వేస్తాడు, ఆమె ఎన్నిసార్లు తుడిచినా సరే మర్నాడు మళ్ళీ గీస్తాడు. "ఇదిగో, ఇవాళ బల్ల కాలు దాటింది చూశావా?" అంటాడు, తనే వెళ్ళి లాక్కొచ్చినట్టు. ఆమె తడిబట్ట పట్టుకుని నిలబడి, మీ సూర్యుడి కొలతలు తీసుకోవడం అయితే నేల తుడుచుకుంటాను అనేది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ గీత దగ్గర ఆయన పక్కన కూర్చోలేదు, ఎప్పుడూ ఏదో ఒక కాజా చేతిలో ఉండేది. ఈసారి ఎండ వచ్చి తొమ్మిది రోజులైంది, గీత లేదు. మూడోరోజు తనే సుద్దబిళ్ళ తీసి గీయబోయింది, చేయి రాలేదు, ఎవరింటి చుట్టాన్నో ఆ ఇంటివాళ్ళు లేనప్పుడు లోపలికి పిలిచినట్టనిపించింది. ఎండ ఇప్పుడు ఆమె మోకాళ్ళ మీద ఉంది. వెచ్చగా ఉంది, హాయిగా ఉంది, ఆ హాయికి ఆమెకు సిగ్గుగా కూడా ఉంది, అవతల మనిషి చీకట్లో పడుంటే.

అంతా ఆ బూడిదరంగు ఉన్నిబట్టతో వచ్చింది. లైబ్రరీలో పనిచేసే ఆవిడ తెచ్చింది, వాళ్ళ నాన్న కోటు కుట్టించుకుందామని కొనుక్కుని పెట్టెలో దాచి దాచి కుట్టించుకోకుండానే పోయాడట, ఇప్పుడు తనకి కుట్టమంది. ఆ నేత ఇప్పుడు ఎక్కడా దొరకదు. బట్ట చాలీచాలకుండా ఉంది. మామూలుగా అయితే గుడ్డని మడతపెట్టి రెండు పొరలమీద ఒకేసారి కత్తిరిస్తే కోటుకి కుడిచేయి, ఎడమచేయి జతగా వచ్చేస్తాయి. బట్ట చాలనప్పుడు మడత విప్పి ఒక్కో చేయి విడివిడిగా కత్తిరించాలి, ఒక చేయి అయ్యాక అట్టని తిరగేసి పెట్టి రెండోది. అట్టంటే చేయి ఆకారంలో కోసుకున్న దళసరి కాగితం, ఇంకేమీ కాదు. దాన్ని తిప్పకుండా పెడితే రెండూ ఎడమచేతులే వస్తాయి. నేర్చుకునే కొత్తలో అందరూ చేసే పొరపాటది, కొత్తవాళ్ళని మాస్టరు ఆ ఒక్క తప్పుకే నిలబెట్టి కడిగేసేవాడు. నలభయ్యేళ్ళ తర్వాత, ఆ దొరకని బట్ట మీద, ఆయనే చేశాడు. రెండు ఎడమచేతులు పక్కపక్కన బల్లమీద పెట్టుకుని ఎంతసేపు చూశాడో! లైబ్రరీ ఆవిడ వస్తే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ తిట్టి పోసి ఉంటే, వీధిలో నిలబడి నాలుగు కేకలేసి ఉంటే, మాస్టరు ఆ రాత్రికి కుదురుకునేవాడు. ఆవిడ ఆ ఎడమచేతిని ఒకసారి నిమిరి, "పర్లేదు లెండి మాస్టారూ, ఎవరికైనా జరుగుతుంది" అని వెళ్ళిపోయింది. ఆ మంచితనమే ఆయన్ని మంచాన పడేసింది.

ఇదంతా డాక్టరమ్మకీ చెప్పింది, చెల్లెలికీ చెప్పింది, చెప్పుల కొట్టాయనకీ తెలుసు. చెప్పనిది ఒకటుంది. ఈ కొట్టుకో పద్ధతి ఉంది, మాస్టరు కత్తెర పట్టేముందు అద్దాల తలుపుకి చెక్కబోర్డు తగిలిస్తాడు, దానిమీద ఎర్ర అక్షరాలతో "కటింగ్ జరుగుతోంది" అని. బోర్డు ఉన్నంతసేపు బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు నోరు మెదపకూడదు. చెప్పుల కొట్టాయనంతటి వాడే చాలాసార్లు ఆ మెట్టు మీద కూర్చుని బోర్డు తీసేదాకా కాచుకున్నాడు. ఆ రోజు బోర్డు తగిలించే ఉంది. మధ్యాహ్నమే గానీ మబ్బుకి గదంతా మసగ్గా ఉంది, ఆమె కాజాలకి దారం ఎక్కించుకుంటోంది, ఆ వెలుతురులో నలుపేదో నీలమేదో తెలిసి చావలేదు. "నల్లదారమా, నీలమా?" అని అడిగింది. అంతే, రెండు ముక్కలు. ఆయన ఎడమచేయి కత్తిరించడం పూర్తిచేసి, అట్టని ఒక అంచు పట్టుకుని పైకెత్తి ఉన్నాడు, సగం తిప్పి ఉన్నాడు. "నీలం" అన్నాడు. అని, అట్టని కింద పెట్టాడు. ఆ సగం లేచిన అట్ట ఆమెకి ఇప్పటికీ కనిపిస్తుంది, రొట్టెల కొట్టు దగ్గర కనిపిస్తుంది, స్నానం చేస్తుంటే వేడినీళ్ళ ఆవిరిలో కనిపిస్తుంది. లైబ్రరీ ఆవిడతో మాస్టరు "నాదే పొరపాటు" అన్నాడు గానీ మా ఆవిడ మధ్యలో పలకరించింది అనలేదు. తర్వాత కూడా అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది! ఆమె తిరగబడి, మీకు శ్రద్ధ లేక నామీద పెడతారా అని పోట్లాడి ఉండేది, పోట్లాడి ఏడ్చి ఉండేది. తప్పు తనదని తెలిసి కూడా ఒక్కోసారి ఆయనమీదే కోపం వస్తుంది, నలభయ్యేళ్ళ అనుభవం పెట్టుకుని, ఎవరో మాట్లాడితే మాత్రం అట్ట తిప్పడం ఎలా మర్చిపోతాడు మనిషి?

మూడున్నర. ఎండ ఆమె మోకాళ్ళు దిగి నేలమీద పాకుతోంది. కాగితంలో ఇంకా ఏం మిగిలింది? అర సర్దమన్నారు, గుండీల అర సర్దింది, రంగులవారీగా. కిటికీలో మొక్క పెట్టమన్నారు, పెట్టింది, అది మాస్టరుకన్నా నయం, వెలుతురు ఎటుంటే అటు తిరుగుతోంది. చిట్టచివర్న ఉంది, మీకోసం మీరు ఏదైనా చేసుకోండి, కాస్త రంగున్న బట్టలు వేసుకోండి అని. ఇన్నాళ్ళూ ఆ వాక్యం వచ్చేసరికి కాగితం మడిచేసేది. ఆమె లేచి పై అరలో, కోట్ల లోపలివైపు వేసే పాత అస్తరుగుడ్డల వెనక చేయిపెట్టి, పొట్లం దించింది. ఎర్రటి ఉన్నిబట్ట, మందారం రంగు కాదు, బాగా కాలిన ఇటుక రంగు. పదకొండేళ్ళ కిందట మాస్టరే కొన్నాడు, "నీకో కోటు కుడతాను, కాజాలు మాత్రం నువ్వే కుట్టుకోవాలి" అని నవ్వాడు. తర్వాత ముందు వాళ్ళది, ముందు వీళ్ళది అంటూ వాయిదా పడి, అస్తరుగుడ్డల వెనక్కి జరిగిపోయింది. ఊళ్ళో సగంమంది కోట్లకి కాజాలు కుట్టిన మనిషికి ఒంటిమీద సొంత కోటు లేదు. విప్పి చూస్తే ఒక మూల చిమ్మట కొరికింది. నాలుగయ్యాక ఈ బల్ల కూడా ఉండదు, చెప్పుల డబ్బాలుంటాయి. ఉన్న అరగంటలోనే చేయాలి. ఆమె బల్లమీద బట్ట పరిచింది, ఎండలో ఆ ఎరుపు గది గోడలకి కూడా అంటుకుంది, ఎందుకో కడుపులో కాస్త సంతోషం కదిలింది, ఉన్నమాట చెప్పాలంటే బాగానే కదిలింది.

మాస్టరు కత్తెరని ఆమె ఇన్నేళ్ళలో తుడిచింది, నూనె పెట్టింది, ఒక్కనాడూ దానితో బట్ట కత్తిరించలేదు. బరువుగా ఉంది, ఆయన వేళ్ళ అరుగుదల ఆమె వేళ్ళకి సరిపోలేదు. బట్ట మడతపెడితే చిమ్మట కొరికిన చోటు సరిగ్గా చేతిమీదికి వస్తోంది, కనుక మడత విప్పి ఒంటిపొర మీదే కత్తిరించాలి. అట్ట పెట్టింది, చుట్టూ సుద్దతో గీసింది, ఊపిరి బిగబట్టి కత్తెర ఆడించింది. కరకరమని తెగుతోంది బట్ట, ఆ చప్పుడు ఇంతకుముందు ఎప్పుడూ తన చేతుల్లోంచి వినలేదు. ఒక చేయి అయింది. పర్వాలేదు, వంపు దగ్గర కాస్త ఒణికింది గానీ పర్వాలేదు. ఇప్పుడు రెండోది. ఎవరు చూస్తే ఏమంటారు, వయసు మీదపడ్డాక ఎర్రకోటు సరదా ఏమిటంటారు, అననీ. చెల్లెలు చూస్తే నాకూ ఒకటి కుట్టించు అంటుంది, కొలతలు సరిగ్గా చెప్తే కుట్టిస్తాను అనాలి. చెప్పుల కొట్టాయన వస్తే ఏం చెప్పాలి, ఆగమనాలా, తాళాలు ఇచ్చేసి బట్ట చుట్టబెట్టుకుని లోపలికి వెళ్ళిపోవాలా? ఇలా అనుకుంటూనే అట్టని ఇవతలికి జరిపింది, గీసింది, కత్తెర నోరు తెరిచి బట్ట అంచుకి ఆనించింది.

"అట్ట తిప్పావా?"

వెనక గదిలోంచి. గొంతు వాడక్కుండా ఉంచేసరికి తుప్పు పట్టినట్టుంది, ముందు ఆమెకి ఎవరిదో అర్థం కాలేదు. కత్తెర అలాగే పట్టుకుని కిందికి చూసింది. అట్టమీద మాస్టరు ఎప్పుడో రాసుకున్న అంకెలు పైకే ఉన్నాయి, మొదటి చేయప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. తిప్పలేదు. ఎవరూ మధ్యలో పలకరించలేదు, దారం రంగు అడగలేదు, ఇంత ఎండలో, ఇంత వెలుతురులో, ఒట్టి తన ఆలోచనల్లో తనుండి, తిప్పలేదు. ఇంత తేలికా ఇది? నలభై మూడు రోజులుగా మనిషి ఎలా మర్చిపోతాడని లోపల్లోపల నలిగిన ఆ కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు.

"తిప్పలేదండీ" అంది.

మంచం కిర్రుమంది. ఆమె అటు తిరగలేదు. "మీకెలా తెలిసింది?" అంది, అడగాల్సింది అది కాదని తెలిసీ.

"ఒంటిపొర తెగిన చప్పుడు ఒకలా ఉంటుంది. తిప్పితే అట్ట బల్లమీద చప్పుడవ్వాలి. కాలేదు."

అప్పుడు మాస్టరు గడప దగ్గర నిలబడి ఉన్నాడు, దుప్పటి భుజాలమీద, గడ్డం మాసిపోయి, కాళ్ళకి ఏమీ లేకుండా. ఎండ గడప దాకా వచ్చి ఆయన కాలివేళ్ళమీద ఉంది. ఆయన వేళ్ళ వంక చూసుకున్నాడు, గీత లేని నేల వంక చూశాడు, ఎర్రబట్ట వంక చూశాడు. ఆమె కత్తెర కింద పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"ఆ రోజు మధ్యలో మాట్లాడింది నేనేనండీ. మీరు అట్ట తిప్పుతుంటే."

"తెలుసు" అన్నాడు. "నీలమే సరైంది. నల్లదారమైతే ఎత్తి కనిపించేది" అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది, ఎర్రబట్ట తడవకుండా పక్కకి తిరిగి ఏడ్చింది. ఆయన ఆమె దగ్గరికి రాలేదు, బల్ల అవతలి వైపు నుంచి మొదటి చేయి తీసి వెలుతురుకి ఎత్తి వంపు దగ్గర ఒణికిన చోట బొటనవేలితో రాసి చూస్తున్నాడు. అంతలో అద్దాల తలుపు అవతల నీడ పడింది. నాలుగయింది, చెప్పుల కొట్టాయన వచ్చాడు, తలుపు తట్టబోయి లోపల మాస్టరుని దుప్పటితో చూసి చేయి గాల్లోనే ఆపాడు. కాజాలమ్మ ముక్కు తుడుచుకుంది. మిషన్ మీద తాళాలు, వాటి కింద కాగితం అలాగే ఉన్నాయి.

"బోర్డేదీ?" అన్నాడు మాస్టరు.

"తగిలించలేదండీ."

"కత్తెర పట్టుకుని బోర్డు తగిలించకపోవడమేంటి!" అన్నాడు, కోపంగానే అన్నాడు, ఆ కోపం చూసి ఎన్నాళ్ళయిందో. మూల మేకుకి వేలాడుతున్న బోర్డు తీసి, దుమ్ము దుప్పటి అంచుతో తుడిచి, నడుచుకుంటూ వెళ్ళి తలుపుకి తగిలించాడు. అవతల చెప్పుల కొట్టాయన ఎర్ర అక్షరాలు చదువుకున్నాడు, గడియారం చూసుకున్నాడు, ఎప్పట్లాగే వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు.

మాస్టరు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కత్తెర అందుకుంటాడేమోనని ఆమె పక్కకి జరిగింది. అందుకోలేదు. గడ్డంతో అట్టని చూపించాడు. ఆమె అట్టని ఒక అంచు పట్టుకుని పైకెత్తి, సగానికి తెచ్చి, ఆగకుండా పూర్తిగా తిప్పి పెట్టింది. బల్లమీద టప్పుమంది.